పట్టికలో ఒక వరుస: ఐషిషోక్, 1941 సెప్టెంబరు

(గ్రంథాలయ పాఠకుల నెలవారీ సమావేశంలో, ట్రెజరీలో పనిచేసి రిటైరైన ఒక సభ్యులు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కాస్త దూరం జరపండి, నా గొంతు నాకే రెండుసార్లు వినబడుతోంది. ఆ, చాలు.

ముందే చెప్పేస్తాను, నేను చరిత్ర మేష్టారిని కాను. ముప్పై నాలుగేళ్ళు ట్రెజరీ ఆఫీసుల్లో పనిచేశాను. బిల్లులు, ఓచర్లు, పద్దులు, నెలాఖరు లెక్కలు, ఇదీ నా చదువు. పోయిన నెల కార్యదర్శి గారు "ఈసారి మీరే మాట్లాడాలి, మీ ఇష్టమొచ్చింది చెప్పండి" అన్నప్పుడు నాకు ఒక పట్టిక గుర్తొచ్చింది. వర్జీనియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు దాని సంగతి తెలిసింది. అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు. ఇవాళ ఆ పట్టికలో ఒక్క వరుస గురించి చెబుతాను. ఒక్క వరుసే.

మొదట మిమ్మల్ని ఒకటి అడుగుతాను. నాజీలు యూదులను చంపారు అనగానే మీకేం గుర్తొస్తుంది? చెప్పండి, పర్వాలేదు. అవును, గ్యాస్ ఛాంబర్లు. అవును, ఆష్‌విట్జ్. ఇంకా? రైళ్ళు. గూడ్సు పెట్టెల్లో కుక్కి తీసుకెళ్ళడం. సినిమాల్లో చూశాం, పుస్తకాల్లో చదివాం. అంతా నిజమే. అరవై లక్షల మంది పోయారు. కానీ ఆ అరవై లక్షల్లో పదిహేను లక్షల మందికి పైగా, కొందరి లెక్కలో ఇరవై లక్షల దాకా, తుపాకీ గుళ్ళకే పోయారు. వాళ్ళలో చాలామంది రైలెక్కలేదు. క్యాంపు చూడలేదు. వాళ్ళ ఊరి పొలిమేరకే నడిపించుకెళ్ళి, గొయ్యి ముందు నిలబెట్టి కాల్చేశారు. ఇంటి నుంచి ఆ గొయ్యికి ఎంత దూరం? మనం ఇక్కణ్ణుంచి బస్టాండుకి నడిచేంత. కొన్ని ఊళ్ళల్లో అంత కూడా లేదు.

గ్యాస్ ఛాంబర్ల కన్నా ఇది ముందు జరిగింది, అది గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఆష్‌విట్జ్‌లో యూదులను రైళ్ళలో దించి గ్యాసు పెట్టి చంపడం ఇంకా మొదలుకాలేదు.

పట్టిక దగ్గరికి వస్తాను. 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. సైన్యం ముందు వెళ్తుంటే వెనకాలే ఎస్‌ఎస్ వాళ్ళ, అంటే నాజీ పార్టీ సాయుధ సంస్థ వాళ్ళ, దళాలు నాలుగు బయల్దేరాయి. నాలుగింటికీ కలిపి సుమారు మూడు వేల మంది. ఐన్‌జాట్స్‌గ్రుప్పెన్ అంటారు వాటిని. నాకు నోరు తిరగదు, దళాలు అనేస్తాను. వాటిలో ఒక ముక్క, మూడో నంబరు కమాండో, లిథువేనియాకి వచ్చింది. దాని అధికారి కార్ల్ యేగర్. ఆయన 1941 డిసెంబరు 1న కౌనాస్ నగరంలో ఒక రిపోర్టు తయారుచేయించాడు. శీర్షిక ఏమిటంటే, డిసెంబరు 1 దాకా ఈ కమాండో పరిధిలో అమలుచేసిన మరణశిక్షల మొత్తం జాబితా. మరణశిక్ష అన్న మాట చూడండి. నేరం ఏమిటి, విచారణ ఎక్కడ, తీర్పు ఎవరిచ్చారు, అవేమీ లేవు. శిక్ష మాత్రం ఉంది.

ఆ రిపోర్టు నాకు చదవాల్సిన పని పడలేదు. జర్మన్ రాకపోయినా చూడగానే అర్థమైంది. ఎందుకంటే అది నా భాష. ఎడమవైపు తేదీ. పక్కన ఊరు. ఆ పక్కన మగవాళ్ళు ఇంతమంది, ఆడవాళ్ళు ఇంతమంది, పిల్లలు ఇంతమంది. కుడి చివర మొత్తం. పేజీ అడుగుకి వచ్చేసరికి కూడిక. తర్వాతి పేజీ నెత్తిన మళ్ళీ అదే అంకె, వెనకటి పేజీ నుంచి తెచ్చిన మొత్తం అని. క్యారీడ్ ఓవర్! మేం క్యాష్‌బుక్కులో రాసినట్టే. ఇక్కడ మా శాఖవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకి తెలుసు ఆ గీత ఎలా గీస్తామో.

ఇప్పుడు వరుసలు చదువుతాను, వినండి. సెప్టెంబరు 10, లైపలింగిస్ అనే ఊరు. మగవాళ్ళు 60, ఆడవాళ్ళు 70, పిల్లలు 25. మొత్తం 155. సెప్టెంబరు 11, సైరియై. 229, 384, 340. మొత్తం 953. సెప్టెంబరు 12, సిమ్నస్. 68, 197, 149. మొత్తం 414. పదో తారీకు ఒక ఊరు, పదకొండున ఇంకో ఊరు, పన్నెండున ఇంకోటి. ఎన్నికల డ్యూటీకి వెళ్ళే బృందం రూటు చార్టు లాగా లేదూ?

ఇంకొంచెం కిందికి వస్తే సెప్టెంబరు 27, ఊరు ఐషిష్కేస్. మగవాళ్ళు 989. ఆడవాళ్ళు 1,636. పిల్లలు 821. మొత్తం 3,446.

నేను కూడి చూశాను. అలవాటు, ఏం చేస్తాం. మూడంకెలూ కూడాను, 3,446 సరిపోయింది. మీకు నిజం చెప్పాలి. సరిపోగానే క్షణం పాటు తృప్తిగా అనిపించింది. పద్దు కలిసిందన్న తృప్తి. మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. కూడింది దేన్ని? ఎనిమిది వందల ఇరవై ఒక్కమంది పిల్లల్ని.

ఆ ఊరి గురించి తెలుసుకుందామని అప్పుడే అనిపించింది.

లిథువేనియా వాళ్ళు దాన్ని ఐషిష్కేస్ అంటారు. అక్కడి యూదులు తమ యిద్దిష్ భాషలో ఐషిషోక్ అనేవారు. నేను కూడా అలాగే అంటాను, ఎందుకంటే ఇది వాళ్ళ కథ. విల్నియస్ నగరానికి దక్షిణంగా అరవై డెబ్భై కిలోమీటర్లు, బెలారుస్ సరిహద్దుకి దగ్గర. చిన్న ఊరు. మధ్యలో సంత, చుట్టూ దుకాణాలు, ప్రార్థనా మందిరం, దాని పక్కన చదువుల మందిరాలు. గుర్రాల సంత విడిగా ఉండేది. చుట్టుపక్కల పల్లెల రైతులు ఎక్కువగా పోలిష్ వాళ్ళు. వాళ్ళు సంతకి వచ్చి ధాన్యం, కోళ్ళు అమ్మేవారు, యూదుల కొట్లలో బట్టలు, ఇనప సామాను కొనుక్కునేవారు. ఒకరి పేర్లు ఒకరికి తెలుసు. ఒకరి గుర్రం సంగతి కూడా ఇంకొకరికి తెలుసు. ఈ ముక్క మర్చిపోకండి, మళ్ళీ వస్తాను.

ఆ ఊళ్ళో వాళ్ళు ఇల్లు కదలకుండానే ఎన్ని దేశాలు మారారో చూడండి. మొదటి ప్రపంచయుద్ధం దాకా రష్యా చక్రవర్తి కింద. తర్వాత రెండు దశాబ్దాలు పోలండ్. 1939లో సోవియట్ సైన్యం వచ్చి, ఆ ప్రాంతాన్ని లిథువేనియాకి అప్పగించింది. 1940లో లిథువేనియానే సోవియట్ యూనియన్ మింగేసింది. 1941 జూన్‌లో జర్మన్లు. జెండా మారిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి కడుపు మండింది. సోవియట్ పాలనలో ఆస్తులు పోయినవాళ్ళు, బంధువులను సైబీరియాకి పంపించగా పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కోపం నిజమైనదే. జర్మన్లు వస్తూనే ఆ కోపానికి ఒక చిరునామా ఇచ్చారు. ఇదంతా యూదుల పని, కమ్యూనిస్టులంటే యూదులే అని ప్రచారం. సైబీరియాకి పోయినవాళ్ళలో యూదులు కూడా ఉన్నారు, సోవియట్లు యూదుల కొట్లు కూడా లాక్కున్నారు. కానీ అది వినే ఓపిక ఎవరికుంది?

జూన్ 23న జర్మన్లు ఐషిషోక్ చేరారు. దాడి మొదలైన రెండో రోజే. మొదట ఆజ్ఞలు. బట్టల మీద గుర్తు కుట్టుకోవాలి, బంగారం అప్పగించాలి, వెట్టిచాకిరీ చేయాలి. జనం ఏమనుకున్నారు? ఇంతకన్నా ఇంకేం చేస్తారులే అనుకున్నారు. పూర్వం కూడా జర్మన్లు వచ్చారు కదా, మొదటి యుద్ధంలో. అప్పటి జర్మన్ సైనికులు ఫర్వాలేదని పెద్దవాళ్ళకి జ్ఞాపకం. పెద్దల అనుభవం మనకి ఎప్పుడూ పనికొస్తుందని అనుకుంటాం. ఆ ఏడాది అది పనికిరాలేదు సరికదా, ముంచింది.

రిపోర్టులో ఒక మార్పు కనబడుతుంది, పద్దులు చూసేవాడి కంటికి వెంటనే తగులుతుంది. జూలై నెల వరుసల్లో ఎక్కువగా మగవాళ్ళే, కొద్దిమంది ఆడవాళ్ళు. ఆగస్టు నెల సగంలో పిల్లల లెక్క వచ్చి చేరింది. ఆ తర్వాత ఇక పోలేదు. ఆఫీసులో కొత్త హెడ్ ఆఫ్ అకౌంట్ తెరిచారంటే ఏమిటర్థం? పైనుంచి ఆర్డరు వచ్చిందని అర్థం. ఒకసారి తెరిచాక అది నడుస్తూనే ఉంటుంది.

సెప్టెంబరు 21, ఆదివారం. ఆ సాయంత్రం నుంచి యూదుల కొత్త సంవత్సరం, రోష్ హషానా. మనకి ఉగాది ఎలాగో వాళ్ళకి అది అలాగ, కాకపోతే ఇంకా భయభక్తులతో చేసుకుంటారు. రాబోయే ఏడాది ఎవరు బతకాలో ఎవరు పోవాలో దేవుడు ఆ రోజుల్లో రాస్తాడని వాళ్ళ నమ్మకం. సరిగ్గా ఆ సాయంత్రమే ఊళ్ళో యూదులందర్నీ ప్రార్థనా మందిరంలోకి, చదువుల మందిరాల్లోకి తోలారు. చుట్టుపక్కల చిన్న ఊళ్ళవాళ్ళను కూడా తెచ్చి అందులోనే కుక్కారు. తిండి లేదు, నీళ్ళు లేవు. పసిపిల్లలు, బాలింతలు, ముసలివాళ్ళు. రోజుల తరబడి అలాగే. తర్వాత అందర్నీ గుర్రాల సంతకి తోలుకెళ్ళారు. మీరెప్పుడైనా పశువుల సంత చూశారా? చుట్టూ కంచె, కట్టుకొయ్యలు. అక్కడ.

సెప్టెంబరు 25న మగవాళ్ళని రెండొందల యాభై మంది చొప్పున తీసుకెళ్ళారు. ఎక్కడికి? వాళ్ళ పాత శ్మశానానికే. యూదుల పాత శ్మశానం దగ్గర కందకాలు ఉన్నాయి. బట్టలు విప్పించారు, అంచున నిలబెట్టారు, కాల్చారు. మర్నాడు, 26న, ఆడవాళ్ళను, పిల్లలను. వాళ్ళని కాథలిక్కుల శ్మశానం పక్కన. ఇవాళ ఆ ఊళ్ళో రెండు చోట్లా స్మారకాలున్నాయి, వేరువేరుగా. ఇంట్లో అయితే కలిసున్నారు.

అయితే రిపోర్టులో తేదీ 27 అని ఉంది కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. బతికినవాళ్ళు చెప్పిన తేదీలు 25, 26. పుస్తకంలో ఎక్కిన తేదీ 27. నా మటుకు నాకు ఇందులో వింత లేదు. ఖర్చయిన తేదీ వేరు, పద్దులో ఎక్కించిన తేదీ వేరు, మా ఆఫీసులో ఇది రోజూ ఉండేదే. రెండు రోజుల పని ఒకే ఎంట్రీ కింద వేశారు. కానీ ఒకటి ఆలోచించండి. 26న ఒక తల్లి చనిపోయింది. ఆమె భర్త అంతకు ముందురోజు పోయాడు. ఆమె ఆ ఒక రాత్రి గుర్రాల సంతలో గడిపింది. ఆ రాత్రి ఆ పట్టికలో లేదు. కలిపేశారు.

ఎవరు కాల్చారు? ఇది చెప్పకపోతే నేను ఇక్కడ నిలబడి మాట్లాడటం దండగ. పథకం జర్మన్లది, ఆజ్ఞ జర్మన్లది, అందులో తకరారు లేదు. కానీ తుపాకులు పట్టినవాళ్ళలో ఎక్కువమంది లిథువేనియా వాళ్ళే, జర్మన్ల కింద చేరిన సహాయ పోలీసులు. ఊరూరా తిరిగిన యేగర్ బృందంలో జర్మన్లు ఎనిమిది నుంచి పదిమంది. పదిమంది! పదిమంది మూడున్నర వేలమందిని చుట్టుముట్టి, కాపలా కాసి, నడిపించి, కాల్చి, పూడ్చగలరా? లెక్క వేయండి. కుదరదు.

యేగరే ఆ లెక్క రాశాడు. రోకిష్కిస్ అనే ఇంకో ఊరి ఉదాహరణ ఇస్తాడు రిపోర్టులో. 3,208 మందిని నాలుగున్నర కిలోమీటర్లు తరలించాల్సి వచ్చింది, ఇరవై నాలుగు గంటల్లో పని ముగించాలంటే తన దగ్గరున్న 80 మంది లిథువేనియన్లలో 60 మందికి పైగా తరలింపుకీ కాపలాకీ పెట్టాల్సి వచ్చింది, మోటారు బళ్ళు అరుదుగా దొరికేవి, అని. సాధారణంగా పోగుచేసిన చోటి నుంచి గొయ్యికి నాలుగైదు కిలోమీటర్లు ఉండేదట. ఐదొందల మందిని ఒక గుంపుగా, గుంపుకీ గుంపుకీ కనీసం రెండు కిలోమీటర్ల ఎడం ఉంచి నడిపించాలట. ఇదంతా పైవాళ్ళకి ఎందుకు రాశాడనుకున్నారు? తన పని ఎంత కష్టమో తెలియాలని. నరాలు తెగిపోయే పని అని రాసుకున్నాడు. మేం కూడా రాసేవాళ్ళం అలాంటివి, సిబ్బంది కొరత ఉన్నప్పటికీ, వాహన సౌకర్యం లేనప్పటికీ నిర్ణీత గడువులోగా పూర్తిచేయడమైనది, అని. ఆ వాక్యం నేనే వందసార్లు రాసుంటాను.

కాపలాకి అరవైమంది, కాల్పులకి ఇరవైమంది. మరి కందకాలు తవ్విందెవరు? బండ్లు తోలిందెవరు? ఖాళీ ఇళ్ళలోంచి పరుపులు, గిన్నెలు, కుట్టుమిషన్లు మోసుకెళ్ళిందెవరు? ఇందాక సంత గురించి ఒక ముక్క గుర్తుపెట్టుకోమన్నాను. ఒకరి పేర్లు ఒకరికి తెలిసిన ఊరు. నాజీల సిద్ధాంతం గురించి చాలా చెబుతారు. నా ఉద్దేశంలో ఆ ఊళ్ళల్లో సిద్ధాంతం కన్నా ఆ కుట్టుమిషనే ఎక్కువ పనిచేసింది. కాదనేవాళ్ళు ఉండొచ్చు, తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఒక కుర్రాడి సంగతి. పదహారేళ్ళవాడు, 25న తండ్రి పక్కనే కందకం అంచున నిలబడ్డాడు. ఈ కథ యాఫా ఎలియాఖ్ అనే ఆవిడ రాసిపెట్టారు. ఆవిడ ఎవరో తర్వాత చెబుతాను, ఆ ఊరి పిల్లే. ఈ అబ్బాయి గుళ్ళు పేలడానికి రెప్పపాటు ముందు గోతిలో పడిపోయాడు. గుండు తగల్లేదు. మీద మనుషులు పడ్డారు. ఇంకా ప్రాణం పోని మనుషులు. కదులుతున్నారు, వణుకుతున్నారు, వాళ్ళ నెత్తురు వీడి మీద కారుతోంది. చీకటి పడేదాకా అలాగే ఉండి, పాకి బయటికొచ్చాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. ఒళ్ళంతా నెత్తురు. సెప్టెంబరు చివర, అక్కడ అప్పటికే చలి.

ఊరి చివర క్రైస్తవుల ఇళ్ళున్నాయి. వాళ్ళందరూ అతనికి తెలిసినవాళ్ళే. ఒక తలుపు తట్టాడు. చేతిలో దీపంతో వచ్చినాయన వెలుగులో చూసి, "యూదుడా, నీ చోటు గోతిలో, అక్కడికే పో" అని తలుపు వేసేశాడు. ఇంకో తలుపు, అదే మాట. అలా తట్టుకుంటూ తట్టుకుంటూ అడవి అంచున ఒక ముసలి వితంతువు ఇంటికి చేరాడు. ఆవిడా తెలుసు. ఆవిడ కూడా కొరివికట్టె పట్టుకుని తరమబోయింది. అప్పుడు ఆ కుర్రాడికి ఏం తోచిందో వినండి. "నేను నీ ప్రభువు యేసుక్రీస్తుని. శిలువ మీంచి దిగి వచ్చాను. నా ఒంటి మీద నెత్తురు చూడు. నన్ను లోపలికి రానియ్యి" అన్నాడు. ఆవిడ అతని కాళ్ళ మీద పడి ఏడ్చింది. లోపలికి తీసుకుంది. అన్నం పెట్టింది, ఒళ్ళు కడిగింది. తను వచ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆజ్ఞాపించి, బట్టలు, తిండి తీసుకుని అడవిలోకి వెళ్ళిపోయాడు. తర్వాత నాజీలతో పోరాడే గెరిల్లాల్లో చేరాడు, బతికాడు.

నవ్వారు కొందరు. నాక్కూడా మొదట నవ్వొచ్చింది, తప్పేం లేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ ముసలామె పక్కింటి కుర్రాడికి తలుపు తీయలేదు. దేవుడికి తీసింది. ఆ దేవుడూ యూదుడే, ఆవిడకి అది తట్టలేదు.

అందరూ అలాగే ఉన్నారని కాదు. యాఫా కుటుంబాన్ని ఒక పోలిష్ రైతు తన ఇంటి కింద గొయ్యి తవ్వి దాచాడు. దొరికితే ఆయన కుటుంబాన్ని కూడా చంపేసేవాళ్ళే. ఐషిషోక్ నుంచి తప్పించుకున్నవాళ్ళలో కొందరు పక్కనే ఉన్న రాదున్ ఊరికి చేరారు. 1942 మేలో అక్కడా అదే జరిగింది.

సరే, యాఫా ఎలియాఖ్ ఎవరు? ఇక్కణ్ణుంచి నేను పట్టిక వదిలేసి ఫోటోల దగ్గరికి వస్తాను. నీళ్ళు కొంచెం ఇవ్వండమ్మా.

ఐషిషోక్‌లో ఫోటో స్టూడియో ఉండేది. అంత చిన్న ఊరికి స్టూడియో ఏమిటి అనుకోకండి, మన చిన్నప్పుడు మన ఊళ్ళల్లో మాత్రం లేవా? వెనకాల పెయింటింగు తెర, ముందు ఒక కుర్చీ, చేతిలో పువ్వో పుస్తకమో. యిత్సాక్ ఊరి కాట్స్, ఆయన భార్య ఆల్టే కాట్స్, ఇద్దరూ ఆ స్టూడియో నడిపేవారు. వాళ్ళ మనవరాలే యాఫా. ఊళ్ళో పెళ్ళయినా, బడి పిల్లలు గ్రూపు ఫోటో దిగినా, కొత్త కోటు కొనుక్కున్నా, పాలస్తీనాకో అమెరికాకో ఎవరైనా ప్రయాణం కట్టినా, కాట్స్ వాళ్ళ దగ్గరికే. ఇంకో అలవాటు కూడా ఉంది. కొత్త సంవత్సరానికి శుభాకాంక్షలతో తమ ఫోటోలు విదేశాల్లోని చుట్టాలకి పంపేవాళ్ళు. రోష్ హషానాకి. ఏ పండక్కి అయితే వాళ్ళని పోగుచేసి మందిరంలోకి తోలారో, ఆ పండక్కే.

ఆల్టే కాట్స్‌ని కూడా ఆ సెప్టెంబరులోనే చంపేశారు. 821 మంది పిల్లల్లో ఎంతమందిని ఆవిడ "కదలకు, ఇటు చూడు" అని కూర్చోబెట్టి ఫోటో తీసిందో. 1,636లో ఆవిడ కూడా ఒకటి.

యాఫా అప్పటికి చిన్నపిల్ల. దాక్కుని బతికింది. యుద్ధం అక్కడ ముగిశాక కుటుంబం ఐషిషోక్‌కి తిరిగొచ్చింది. 1944 అక్టోబరులో వాళ్ళ ఇంటి మీద సాయుధుల దాడి జరిగి తల్లి, పసి తమ్ముడు కాల్పుల్లో పోయారు. జర్మన్లు వెళ్ళిపోయాక. ఆ దాడి ఎవరి మీదకి, ఎందుకు అన్నదాని మీద పోలండ్‌లో చాలా గొడవ నడిచింది, నేను అందులోకి వెళ్ళను. యాఫా తర్వాత అమెరికా చేరి చరిత్ర ప్రొఫెసర్ అయ్యారు. 1970ల చివర్లో అధ్యక్షుడు కార్టర్ వేసిన హోలోకాస్ట్ కమిషన్‌కి పనిచేశారు. హోలోకాస్ట్ అంటే నాజీలు చేసిన ఈ యూదుల హత్యాకాండే. ఆ పని మీద తూర్పు యూరప్ వెళ్ళినప్పుడు ఆవిడకి అనిపించిందట, ఎక్కడ చూసినా వీళ్ళు ఎలా చచ్చిపోయారన్నదే చూపిస్తున్నారు, ఎలా బతికారో ఎవరూ చూపించడం లేదని. అప్పుడు మొదలుపెట్టారు. ఐషిషోక్ వాళ్ళ చుట్టాలు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి, ఇళ్ళకి వెళ్ళి, ఆల్బములు తిరగేయించి, ఏళ్ళ తరబడి ఫోటోలు పోగుచేశారు. ఆరు వేల దాకా. ఊళ్ళో ఉన్న ఫోటోలు ఊరితో పాటే పోయేవి. ఊరు దాటి టపాలో వెళ్ళినవే ఎక్కువగా బతికాయి. శుభాకాంక్షల కార్డులు.

వాషింగ్టన్‌లో హోలోకాస్ట్ మ్యూజియం 1993లో తెరిచారు. మా అల్లుడు గారు నన్ను అక్కడ దింపి, పార్కింగ్ దొరక్క చుట్టూ తిరుగుతున్నారు పాపం. నేను ఒక్కణ్ణే లోపలికెళ్ళాను. ఒకచోట సన్నటి వంతెన లాంటి నడవ వస్తుంది. దాని మీద నడుస్తుంటే నాలుగు వైపులా ఫోటోలు. తలెత్తితే పైదాకా ఫోటోలు, తల వంచితే కిందిదాకా ఫోటోలు. మూడంతస్తుల ఎత్తు. వెయ్యికి పైన ఉంటాయి. అన్నీ ఐషిషోక్‌వే. ముఖాల గోపురం అంటారు దాన్ని.

నేను అప్పటిదాకా ఆ మ్యూజియంలో చూసినవన్నీ భయంకరమైనవే. ఇక్కడికొచ్చేసరికి ఎవరూ చనిపోయి లేరు. పెళ్ళికూతురు. మంచులో ఆడుకుంటున్న కుర్రాళ్ళు. పిక్నిక్కి వెళ్ళిన అమ్మాయిలు. ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని, పిల్లాడు ఎక్కడ ఏడుస్తాడో అని టెన్షన్‌గా కెమెరా వైపు చూస్తున్న తల్లి. ఆ చూపు నాకు తెలుసు. మా అమ్మ, ఒళ్ళో మా తమ్ముడు, స్టూడియోలో తీయించుకున్న ఒకే ఒక్క ఫోటోలో అదే చూపు.

అక్కడే ఒక గోడ మీద చదివాను, రెండు రోజుల్లో ఈ ఊరి యూదులంతా పోయారని. అంకె నాకు తర్వాత దొరికింది, యేగర్ రిపోర్టులో. అంటే నేను ముందు ముఖాలు చూసి, తర్వాత పద్దు చూశాను. పద్దు ముందు చూసి ఉంటే, ఏమో, పేజీ తిప్పేసేవాణ్ణేమో.

యేగర్ ఏమయ్యాడని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఈయన యుద్ధానికి ముందు చేసిన పని తెలిస్తే ఆశ్చర్యపోతారు. వాల్డ్‌కిర్ఖ్ అనే ఊళ్ళో ఆర్కెస్ట్రియన్లు తయారుచేసేవాడు. అంటే పెద్ద బీరువా అంత యంత్రం, తిప్పితే దానంతటదే వాద్యబృందం లాగా సంగీతం వాయిస్తుంది. ఎక్కడ ఏ పిన్ను పెడితే ఏ స్వరం మోగుతుందో తెలిసిన మనిషి. రిపోర్టులో ఆఖరి పేజీకి వస్తే మొత్తం 1,37,346. అందులో 4,000 తాము రాకముందు లిథువేనియన్లు సొంతంగా చంపినవాళ్ళని వేరే వరుసలో చూపించాడు. ఎవరి పద్దు వాళ్ళకే చెందాలి కదా! లిథువేనియాలో యూదుల సమస్య పరిష్కారమైందని, పనిచేసే యూదులూ వాళ్ళ కుటుంబాలూ తప్ప ఇక యూదులే లేరని రాశాడు. సుమారు 34,500 మంది మిగిలారు. వాళ్ళని కూడా ముగించేద్దామనుకున్నాను, కానీ పౌర పాలనా, సైన్యమూ గట్టిగా అడ్డుపడ్డాయని ఫిర్యాదు కూడా చేశాడు. వాళ్ళేదో జాలిపడి అడ్డుపడలేదు. పనివాళ్ళు కావాలి.

యుద్ధం అయ్యాక ఈయన జర్మనీలోనే ఉన్నాడు. పేరు మార్చుకోలేదు. పొలం పని చేసుకుంటూ పద్నాలుగేళ్ళు బతికాడు. 1959 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. విచారణ కోర్టుదాకా రాకముందే, జూన్ 22న, జైల్లో ఉరేసుకున్నాడు. జూన్ 22, తారీకు గుర్తుందా? ఇందాక చెప్పాను. ఆ దాడి మొదలైన తారీకే. కావాలని ఎంచుకున్నాడో కాకతాళీయమో నాకు తెలియదు, ఊహించను.

ఆయన్ని ప్రశ్నించేనాటికి ఈ రిపోర్టు జర్మన్ విచారణాధికారుల చేతుల్లో లేదు. ఐదు ప్రతులు తీశారు. దొరికింది ఒక్కటే, నాలుగోది. అది సోవియట్ వాళ్ళ దగ్గర ఉండి, 1963లో పశ్చిమ జర్మనీకి చేరింది. అప్పటికి సంతకం పెట్టినవాడు చచ్చి నాలుగేళ్ళు. అంటే ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ 821 ఏమిటి?" అని అడిగే అవకాశం ఎవరికీ రాలేదు. ఆడిట్‌లో నేను నలభై రూపాయల తేడాకి గుమస్తాలను నిలబెట్టి అడిగాను.

ఏడు దాటింది. లైబ్రేరియన్ గారు ఏడున్నరకి తలుపులు వేయాలన్నారు. ఆ రిపోర్టులో మన వరుస ఉన్న పేజీ ప్రింటు తీసుకొచ్చాను, ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. దాని పక్కనే మా అమ్మాయి ప్రింటు తీసిచ్చిన నాలుగు ఐషిషోక్ ఫోటోలు. చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూడండి. ప్రింటు మీద వరుస పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంటుంది. అది నాదే, కూడినప్పుడు పెట్టాను. చెరిపేద్దామని రెండుసార్లు రబ్బరు తీసుకున్నాను. ఎందుకో చెరపలేదు.